ఏలూరు వకీలు, చెన్నపురి గవర్నరు: సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి జీవిత చరిత్రము

మన మహాసభలు జరుగునపుడు పందిటిలో పూలమాలలు వేయు పటములలో సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి పటమొకటి యుండుట కలదు. వక్తలు ఆయన నామమును తలచి, మనవాడు చెన్నపురి రాజధానికి గవర్నరుగా నుండెనని చెప్పుదురు. సభవారు కరతాళధ్వనులు చేయుదురు. అంతటితో ఆ ప్రసంగము ముగియును. ఎంతకాలము గవర్నరుగా నుండిరి, ఏ పరిస్థితులలో నుండిరి, ఆ పీఠముపై కూర్చుండి ఏమి చేయుటకు వారికి అధికారము గలదు అని యడిగినచో బదులు చెప్పగలవారు మిక్కిలి కొలదిమంది. ఈ సంచికను చదువు సోదరసోదరీమణులకును, సభకు పోషకులైన మహాశయులకును ఆ సంగతి ఉన్నదున్నట్లు విన్నవింపవలెనని మా తలంపు. మనవాడన్న అభిమానముచేత లేని ఘనతను అంటగట్టుట తగదు. కాలము మారినదని యున్న ఘనతను మరుగుపరచుటయు తగదు.

ముందుగా వారి పేరును గూర్చి ఒక మాట. కూర్మా అనునది ఇంటిపేరు. రెడ్డి యనియు నాయుడనియు రెండును ఒక్క పేరున నుండుటచే దూరదేశములవారు వీరి కులమును గూర్చి పలువిధముల వ్రాసిరి. వీరు తెలగ కులస్థులు. ఇంగ్లీషు గ్రంథములలో వీరిని తరచుగా కె. వి. రెడ్డి అని మాత్రమే వ్రాయుటచే మరియొక చిక్కు గలిగినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు సి. ఆర్. రెడ్డి యను పేర ప్రసిద్ధులు. వారికిని సర్ బిరుదము గలదు. 1945 లో ఏలూరున స్థాపింపబడిన కళాశాలకు వారి పేరే పెట్టబడినది. అందుచే నేటి ఏలూరి యువకునితో సర్ రెడ్డిగారని చెప్పినచో అతనికి ఆ కళాశాలయే జ్ఞప్తికి వచ్చును గాని, ఆ యూరనే వకీలు వృత్తి చేసి గవర్నరు పీఠము వరకు పోయిన నాయుడుగారు జ్ఞప్తికి రారు.

నాయుడుగారు 1875 లో జన్మించిరి. న్యాయశాస్త్రమున పట్టము పొంది, ఏలూరున న్యాయవాదిగా స్థిరపడిరి. ఆ కాలపు ఏలూరును మన పాఠకులు కొంత ఊహించుకొనవలెను. ఊరికి ఇరువైపుల తమ్మిలేటి పాయలు. నడుమ కృష్ణా గోదావరులను కలుపు కాలువ. ఆ కాలువలో ధాన్యపు పడవలు, సరుకు పడవలు. 1893 నాటికి రైలుమార్గము వచ్చి, బెజవాడనుండి ఏలూరు, తాడేపల్లిగూడెములమీదుగా ఉత్తరమునకు బండ్లు నడచుచుండెను. దక్షిణమున కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోయు నీరంతయు ఆ సరస్సున నిలిచి, ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవలెను. ఉప్పుటేరు ఇరుకు, వాన పెద్దది. వానకాలమున లంకగ్రామములవారికి పడవయే దారి, వేసవిని ఎండిన కొల్లేటి నేలయే పొలము. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన తరువాత డెల్టా భూములు బంగారము పండసాగెను. భూమికి విలువ పెరిగినకొలది గట్టు తగవులు, నీటి తగవులు, ఈనాము తగవులు, ఎస్టేటు తగవులు పెరిగెను. ఇట్టి దేశమున వకీలునకు పని తక్కువగునా? ఏలూరు న్యాయస్థానములలో నిలబడు న్యాయవాదికి రైతు కష్టము పుస్తకములు చదివి తెలిసికొన నక్కరలేదు; కక్షిదారుని నోటనే వినవచ్చును.

జిల్లా సరిహద్దుల సంగతియు ఇచ్చట చెప్పదగును. 1904 నుండి ఏలూరు కృష్ణాజిల్లాలో నుండెను. 1925 లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినపుడు దానికి ముఖ్యపట్టణమయ్యెను. 2022 లో ఏలూరు పేరనే ప్రత్యేక జిల్లా వెలసినది. తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచినది. నాయుడుగారి ప్రజాజీవితపు మొదటి భాగమంతయు కృష్ణాజిల్లా కాలమున జరిగినదని గ్రహింపవలెను.

1916 వ సంవత్సరము నవంబరులో చెన్నపురిలో సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారు, డాక్టరు టి. ఎం. నాయరుగారు మొదలగువారు చేరి దక్షిణభారత స్వేచ్ఛాసంఘమును స్థాపించిరి. జస్టిస్ అను ఇంగ్లీషు పత్రికను నడుపుటచే ఆ పక్షమునకు జస్టిస్ పార్టీ యను పేరు రూఢమయ్యెను. డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడెను. దాని వాదము సులభమైనది. జనసంఖ్యలో నూటికి మూడుపాళ్లున్న ఒక వర్గమువారు జిల్లా మునసబు పదవులలో నూటికి డెబ్బదికి పైగా ఆక్రమించి యుండగా, స్వపరిపాలనము వచ్చినచో ఆ పరిపాలనము ఎవరి చేతిలో నుండును? ఇది ద్వేషముతో వేసిన ప్రశ్నయని అప్పుడు పలువు రనిరి. లెక్కలు చూచినవారు మాత్రము ప్రశ్న సహేతుకమైనదే యని యొప్పుకొనక తప్పదు. సమాధానము ఏమైయుండవలెనను విషయముననే పెద్దలకు భేదాభిప్రాయములుండెను. ఆంధ్రదేశమున ఈ యుద్యమమును చేపట్టిన వకీళ్లలో నాయుడుగారు ముఖ్యులు.

వారి ప్రతిభ లోకమునకు తెలియుటకు లండను నగరము కారణమయ్యెను. 1919 లో భారత రాజ్యాంగ సంస్కరణల శాసనము పార్లమెంటులో విచారణకు వచ్చెను. ఉభయసభల సంయుక్త సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుటకు జస్టిస్ పక్షమువారు ప్రతినిధులను పంపిరి. నాయరుగారు, ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు, కోకా అప్పారావు నాయుడుగారు, వీరితో పాటు మన వెంకటరెడ్డి నాయుడుగారును లండనులో నుండిరి. నాయరుగారు నాయకులు, మహావక్త. అయితే వారి సాక్ష్యపు వంతు రాకమునుపే 1919 జూలై 17 వ తేదిని ఆ నగరముననే కాలధర్మము నొందిరి. సముద్రమునకు ఆవలి దేశమున, నాయకుడు లేని ప్రతినిధివర్గము గతి యేమి? ఆ భారము తక్కినవారి భుజములపై పడెను. ఏలూరు కోర్టులో వాదించుటకు అలవాటుపడిన గొంతుక పార్లమెంటు సంఘము ఎదుట బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానములు కావలెనని వాదించెను. మరుసటి సంవత్సరము మెస్టను ప్రభువు తీర్పుచే చెన్నపురి శాసనసభలోని 65 సామాన్య స్థానములలో 28 స్థానములు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడెను. కోరినంత రాలేదు. వట్టిచేతులతో మరలివచ్చుటయు జరుగలేదు.

1920 ఎన్నికలలో కాంగ్రెసువారు పాల్గొనలేదు. 98 స్థానములలో 63 జస్టిస్ పక్షమునకు వచ్చెను. డిసెంబరులో సుబ్బరాయలు రెడ్డియారుగారు ముఖ్యమంత్రిగాను, పానుగంటి రామరాయణింగారుగారును వెంకటరెడ్డి నాయుడుగారును మంత్రులుగాను ప్రమాణము చేసిరి. నాయుడుగారికి అభివృద్ధి శాఖ లభించెను. వ్యవసాయము, పరిశ్రమలు మున్నగునవి ఆ శాఖలోనివి. డెల్టా వకీలు వ్యవసాయమంత్రి యయ్యెనని మన ప్రాంతమువారు ఎంత సంతోషించి యుందురో ఊహించుకొనవచ్చును.

ఆ సంతోషములో నొక మోసమున్నది. అప్పటి రాజ్యాంగమునకు ద్వంద్వ ప్రభుత్వమని పేరు. కొన్ని శాఖలు మంత్రులకు అప్పగింపబడెను. కొన్ని గవర్నరును, ఆయన కార్యాలోచన సభ్యులును తమ చేతిలోనే నిలుపుకొనిరి. ఖజానా తాళము రెండవవారియొద్ద నుండెను. నాయుడుగారు పదవినుండి దిగిన తరువాత ఈ ఏర్పాటును గూర్చి చెప్పిన సాక్ష్యము భారత రాజ్యాంగ చరిత్ర గ్రంథములలో నేటికిని ఉదహరింపబడుచున్నది. దాని సారమిది. ఆయన అభివృద్ధి మంత్రి; అడవులు ఆయనవి కావు. ఆయన వ్యవసాయ మంత్రి. నీటిపారుదల ఆయనది కాదు. రైతులకు అప్పులిచ్చు చట్టముతో గాని, భూములను బాగుచేయుటకు అప్పులిచ్చు చట్టముతో గాని, కరవు నివారణతో గాని ఆయనకు సంబంధము లేదు. ఆయన పరిశ్రమల మంత్రి. కర్మాగారములు, బాయిలర్లు, విద్యుచ్ఛక్తి, జలశక్తి, గనులు, కార్మికులు ఇవన్నియు ఇతరుల శాఖలు.

ఈ మాటను చెన్నపురిలోనో ఢిల్లీలోనో చదివినవారికి అది చమత్కారముగా తోచవచ్చును. కొల్లేటి గట్టున పుట్టి పెరిగినవారికి మాత్రము అది గుండెలో గ్రుచ్చుకొనును. మన దేశమున నీరు లేని వ్యవసాయమనగా నేమి? కాలువ లాకు ఎత్తుట, దించుట ఒకరి చేతిలోను, ఆ కాలువక్రింది పైరు మరియొకరి చేతిలోను ఉన్నచో రైతు ఎవరికి మొర పెట్టుకొనవలెను? తమ్మిలేరు పొంగి ఏలూరును ముంచినను, ఉప్పుటేరు పూడి కొల్లేరు ఎగదన్నినను, ఏలూరునుండి వచ్చిన మంత్రి ఒక పారమట్టి తీయించుటకు అధికారము లేనివాడే. ఈ లోపమును దాచక, తన పదవి యొక్క డొల్లతనమును తానే బయటపెట్టుట సామాన్యమైన సాహసము కాదు. పదవి పోయిన తరువాత చెప్పినారు గదా యని యనువారు గలరు. నిజమే. అయినను పదవి పోయినవారందరును తమ పదవి గొప్పదనియే చెప్పుకొనుట లోకాచారము.

చేయగలిగినంత పని మాత్రము ఆ మంత్రివర్గము చేసెను. 1921 లో స్త్రీలకు వోటుహక్కు నిచ్చు తీర్మానము శాసనసభలో నెగ్గెను. బ్రిటిషు పాలనలోని భారతదేశమున మొదటగా ఆ హక్కునిచ్చినది చెన్నపురి శాసనసభయే. అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వోద్యోగములలో వివిధవర్గములకు పాలు నిర్ణయించు ఉత్తర్వు వెలువడెను. పరిశ్రమలకు ప్రభుత్వ ధనసహాయము చేయుటకై చట్టము 1922 లో వచ్చెను. తివాచీలకు పేరుపొందిన ఏలూరివంటి ఊళ్లకు ఇట్టి చట్టముయొక్క అవసరము వేరుగా చెప్పనక్కరలేదు.

1921 జూలైలో సుబ్బరాయలు రెడ్డియారుగారు అస్వస్థతచే పదవి విడిచిరి. పానుగంటివారు ముఖ్యమంత్రియైరి, పాత్రోగారు మంత్రియైరి. అప్పుడు మంత్రులు మువ్వురును ఆంధ్రదేశమువారే యయిరి. అరవసోదరులు దీనిని సహింపలేదు. వారి మొర అన్యాయమైనదని మేము చెప్పజాలము. మువ్వురును అరవవారే యైనచో మన మూరకుందుమా? 1923 ఎన్నికల తరువాత కూర్చిన మంత్రివర్గమున నాయుడుగారికి స్థానము లేకపోయెను. అభివృద్ధి శాఖ శివజ్ఞానము పిళ్లెగారికి పోయెను. ఆంధ్రులు మువ్వురిలో ఒకరు దిగవలసివచ్చినపుడు దిగినది ఏలూరివారే. ఆ సంవత్సరమే కట్టమంచివారు పక్షమును వీడి పానుగంటివారిపై అవిశ్వాస తీర్మానమును ప్రవేశపెట్టిరి. అది 65 కు 44 వోట్లతో ఓడిపోయెను. స్థానము పోయిన నాయుడుగారు మాత్రము జస్టిస్ పక్షముననే నిలిచిరి.

1928 లో జినీవా నగరమున జరిగిన నానాజాతి సమితికి భారతదేశపు ప్రతినిధులలో నొకరుగా వెళ్లిరి. ఆ సంగతి చాలమంది వ్రాసినారు గనుక ఇచ్చట విస్తరింపము. దాని తరువాతి యుద్యోగమే వారి జీవితమున మిక్కిలి క్లిష్టమైనదని మా యభిప్రాయము.

1927 లో కేప్ టౌను ఒడంబడిక జరిగిన పిమ్మట భారతప్రభుత్వము దక్షిణాఫ్రికాలో ఒక ఏజంటును నియమించెను. మొదటి ఏజంటు వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు. 1929 లో ఆయన స్థానమునకు నాయుడుగారు వెళ్లి 1932 వరకు నుండిరి. శాస్త్రిగారి ఇంగ్లీషు వాక్చాతుర్యమునకు తెల్లవారే తలలూపిన కాలమది. అట్టివాని తరువాత ఆ కుర్చీలో కూర్చుండుట ఎవరికైనను కష్టమే. పైగా ఏజంటునకు చట్టబలము లేదు. భారతీయులకు అన్యాయము జరిగినచోట అక్కడి మంత్రులయొద్దకు పోయి చెప్పవలెను, వ్రాయవలెను, ఓపిక పట్టవలెను. 1930 లో ట్రాన్స్‌వాలులోని భారతీయుల భూవసతి హక్కులను కుదించు బిల్లు బయలుదేరెను. భారతీయులు మొరపెట్టిరి, ఏజంటు నచ్చచెప్పెను. 1932 జనవరి, ఫిబ్రవరి నెలలలో కేప్ టౌనులో రెండవ సమావేశము జరిగెను. సర్ ఫజ్లీ హుస్సేనుగారి నాయకత్వమున శాస్త్రిగారు, సరోజినీదేవిగారు మొదలగువారు భారతదేశమునుండి వచ్చిరి. అయినను ఆ సంవత్సరమే భూవసతి చట్టము కొన్ని మార్పులతో అమలులోనికి వచ్చెను. దీనిని నాయుడుగారి వైఫల్యమని యనువారు, శాస్త్రిగారే స్వయముగా వచ్చి కూర్చున్నను ఆపలేకపోయిరను సంగతిని మరువరాదు.

అక్కడి మన తెలుగువారి సంగతి వేరు. 1860 లో చెన్నపురినుండి మొదటి ఓడ డర్బను చేరినది మొదలు 1911 లో ఆ పద్ధతి నిలిచిపోవువరకు ఒప్పందపు కూలీలుగా నాటాలునకు పోయిన భారతీయులు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది చెన్నపురి రేవునుండి పోయినవారు. మన సర్కారు జిల్లాలవారు అందు పెక్కుమంది. చెరకుతోటలలో రెండు తరములు గడచినవి. అరవవారి సంఖ్య అధికమగుటచే, దొరలు తెలుగువారినిగూడ వారితోనే లెక్కించుటచే, తెలుగుభాష పిల్లల నోట నిలుచుట దుర్ఘటమయ్యెను. ఇట్టి తరుణమున భారతప్రభుత్వ ప్రతినిధియై తెలుగువాడొకడు ఓడ దిగెను. అతడు తమతో తమ భాషలో మాటలాడెను. ఆ జనమునకు ఇదెంతటి ఊతమో వేరుగ చెప్పవలయునా? వీరు ఏజంటుగా నున్న కాలముననే, 1931 లో, డర్బనున దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపితమయ్యెను. అది తెలుగు బళ్లను, పండుగలను, భజనలను నిలుపుటకు పూనుకొనెను. భూవసతి బిల్లు ఆగలేదు గాని, ఆ సభ నిలిచినది. తరతరముల తరువాత నేటికిని నాటాలు తెలుగువారు దానిని నడుపుకొనుచున్నారు. మన సభలవారు గవర్నరు పదవికి తట్టు చప్పట్లలో సగమైనను దీనికి తట్టవలెనని మా విన్నపము.

స్వదేశమునకు మరలివచ్చిన తరువాత వీరు చెన్నపురి గవర్నరుగారి కార్యాలోచన సభలో సభ్యులైరి. ద్వంద్వ ప్రభుత్వమున నిలుపుకొన్న శాఖలు ఈ సభవారివే. పదునాలుగేండ్ల క్రిందట ఏ తలుపు వెలుపల నిలువబడి లోపలి అధికారము తమకు లేదని గ్రహించిరో, ఇపుడు ఆ తలుపు లోపలికే వచ్చిరి.

ఇక గవర్నరు పదవి. 1924 లో పార్లమెంటు చేసిన చట్టముచే గవర్నరులు నాలుగుమాసములవరకు సెలవుపై స్వదేశమునకు పోవుటకు వీలు గలిగెను. అట్లు పోయినపుడు స్థానమును మరియొకరు వహింపవలెను. 1934 లో సర్ మహమ్మదు ఉస్మాను సాహెబుగారు ఇట్లే మూడుమాసములు పీఠమెక్కి, చెన్నపురికి గవర్నరుగిరి చేసిన మొదటి భారతీయులైరి. 1936 జూన్ 18 వ తేదిని ఎర్‌స్కిను ప్రభువు సెలవుపై పోగా, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు ఆ స్థానము నలంకరించిరి. ఆంధ్రులలో ఈ గౌరవమును పొందినవారు వీరే మొదటివారు. అక్టోబరు 1 వ తేదిని ఎర్‌స్కిను ప్రభువు తిరిగివచ్చి తన పీఠమును తాను గైకొనెను. లెక్కకు 105 దినములు.

బహుకాలము తెల్లదొరలే కూర్చున్న పీఠమది. దానికి 17 ఫిరంగుల మర్యాద యుండెను. గిండీలో నొకటి, ఉదకమండలమున నొకటి భవనములు. ఎర్రచొక్కాల బంట్రోతులు, అంగరక్షక దళము, విందులు, దర్బారులు. ఏలూరు కోర్టులో పిలుపు కొరకు వరండాలో వేచియున్న వకీలు ఇప్పుడు వచ్చుచుండగా దొరలు లేచి నిలువవలసివచ్చెను. ఈ దృశ్యమును మనవారు చెప్పుకొని పొంగుటలో తప్పులేదు. అయితే అధికారమాట? చట్టము ప్రకారము అధికారమంతయు గలదు. ఆచారము ప్రకారము తాత్కాలిక గవర్నరు పాతదారిని బండి నడిపించుటయే గాని క్రొత్తదారిని త్రొక్కుట లేదు. యజమాని వచ్చువరకు ఇల్లు కనిపెట్టుకొని యుండుటయే ఆ పదవియొక్క ధర్మము.

ఆ 105 దినములలోనే ఒక మార్పు జరిగెను. బొబ్బిలి రాజాగారు యూరపు ప్రయాణమున నుండగా పి. టి. రాజనుగారు ఏప్రిలునుండి ముఖ్యమంత్రిగా నుండిరి. ఆగస్టు 24 వ తేదిని బొబ్బిలివారు మరల ఆ పదవిని స్వీకరించిరి. అప్పుడు గవర్నరు పీఠమున ఒక ఆంధ్రుడు, మంత్రి పీఠమున ఒక ఆంధ్రుడు. అదే యేడు ఏప్రిలు 1 వ తేదిని ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములు చెన్నపురినుండి తొలగిపోయి యుండెను. ఉత్తరపు ఆంధ్రులు ఆ దుఃఖములోనే యుండిరి. రాజధానికి తలమీద ఇద్దరు తెలుగువారున్నను, తెలుగునాట కొసముక్క తెగిపోవుటను మాన్పజాలకపోయిరి. పదవుల విలువను లెక్కించునపుడు ఈ సంగతిని సోదరులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

తరువాతి సంవత్సరము జరిగినదే నాయుడుగారికి గొప్ప అపకీర్తి తెచ్చినది. 1937 ఫిబ్రవరి ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానములకు 159 గెలిచెను. బొబ్బిలి రాజాగారిని వి. వి. గిరిగారు ఓడించిరి. జస్టిస్ పక్షము నేలమట్టమయ్యెను. అయితే గవర్నరులు తమ ప్రత్యేకాధికారములను మంత్రుల కార్యములలో ఉపయోగింపమని మాట యిచ్చినగాని మంత్రిపదవులు స్వీకరింపమని కాంగ్రెసువారు పట్టుపట్టిరి. ఏప్రిలు 1 వ తేదిని క్రొత్త రాజ్యాంగము ఆరంభము కావలెను. ఎర్‌స్కిను ప్రభువు మొదట శ్రీనివాసశాస్త్రిగారి నడిగెను. ఆయన నిరాకరించిరి. అప్పుడు నాయుడుగారిని పిలిచిరి. నాయుడుగారు ఒప్పుకొనిరి.

శాసనసభలో బలములేని ప్రధానమంత్రి! దేశమంతట నవ్వులు, నిందలు. బొంబాయి, సంయుక్తరాష్ట్రము, బీహారు, మధ్యరాష్ట్రము, ఒరిస్సాలలోను ఇట్టి తాత్కాలిక మంత్రివర్గములే యేర్పడినవి. ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజుగారు ఇదే భారమును వహించిరి. చెన్నపురిలో శాసనసభను పిలువనే లేదు. పిలిచినచో మొదటి దినముననే మంత్రివర్గము కూలిపోవలసినదే. మన పెద్దలు వ్రాసిన కొన్ని వ్యాసములలో ఈ భాగమును దాటవేయుట చూచినాము. దాటవేయుటకు మేము సమ్మతింపము. ప్రజలు వోటిచ్చి వలదనిన పక్షము, ప్రజల సభను మూసియుంచి, దొరగారి కోరికపై గద్దె నెక్కుట ప్రజాప్రభుత్వ ధర్మమునకు తగినది కాదు. శాస్త్రిగారికి వచ్చిన సందేహము నాయుడుగారికిని వచ్చియుండవలసినది.

దీనికి ఎదురుమాటయు గలదు. ఎవరును ఒప్పుకొనకున్నచో గవర్నరు తానొక్కడే సర్వాధికారియై పాలించియుండును. ఒకసారి అట్లు మొదలైన పాలనము ఎప్పటికి ముగియునో ఎవరెరుగుదురు? నడుమ భారతీయ మంత్రివర్గ మొకటి యుండుట మేలని ఆ పెద్దలు తలంచి యుందురు. మరియొకటి. ఆ మంత్రివర్గమున కూర్చుకొన్నవారిని చూడుడు. పన్నీరుసెల్వముగారు, చెట్టినాడు కుమారరాజా ముత్తయ్య చెట్టియారుగారు, ఖలీఫుల్లా సాహెబుగారు, పాలాటుగారు, వీరితో కూడ ఎం. సి. రాజాగారు. రాజాగారు అణగద్రొక్కబడిన జాతులవారి నాయకులు. జస్టిస్ పక్షము తమవారికి న్యాయము చేయలేదని 1923 లో దానిని విడిచి పోయినవారు. పదునాలుగేండ్లకు నాయుడుగారు వారిని మంత్రిని చేసి అభివృద్ధి శాఖ నిచ్చిరి. 1920 లో తాము మొదట వహించిన శాఖయే అది! పాత బాకీని తీర్చిన రీతిగా మాకు తోచును. మూడుమాసముల మంత్రిత్వమేయైనను, ఆ జాతివారు రాజధాని మంత్రిపీఠమున కూర్చుండుట చిన్న సంగతి కాదు. కులముల పేర సభలు కూర్చుకొను మనబోటివారు, మనకంటె క్రిందివారని యెంచబడినవారికి మన నాయకు డేమి చేసెనో యడిగి తెలిసికొనవలసినదే గదా.

జూన్ నెలలో రాజప్రతినిధి లిన్లిత్‌గో ప్రభువు ఒక ప్రకటన చేసెను. జూలైలో వార్ధాయందు కూడిన కాంగ్రెసు కార్యవర్గము పదవులు స్వీకరించుటకు అనుమతించెను. జూలై 14 వ తేదిని నాయుడుగారు రాజీనామా నిచ్చిరి. ఆ దినముననే చక్రవర్తి రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రియైరి. గవర్నరుగిరి 105 దినములైనచో ప్రధానమంత్రిత్వము 104 దినములు. దిగుమన్నపుడు ఒక దినమైనను జాగుచేయక దిగుట మాత్రము ఆయన శత్రువులును కాదనలేని సంగతి.

1940 లో అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నియమింపబడిరి. అక్కడను వీరికంటె ముందు ఆ పీఠమున నున్నవారు శ్రీనివాసశాస్త్రిగారే. దక్షిణాఫ్రికాలో శాస్త్రిగారి తరువాత, ప్రధానమంత్రిత్వమునకు పిలుపులో శాస్త్రిగారి తరువాత, విశ్వవిద్యాలయమునను శాస్త్రిగారి తరువాత. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు బ్రాహ్మణేతరోద్యమ నాయకులు. విధి యిద్దరిని ఒకే దారిని ముందు వెనుకలుగా నడిపించెను. ఆ 1940 లోనే మార్చి 1 వ తేదిని, వారి పూర్వపు సహచరులగు పన్నీరుసెల్వముగారు లండనునకు పోవుచుండగా వారెక్కిన విమానము ఒమాను సముద్రముపై కానరాకపోయెను.

నాయుడుగారు 1942 లో పరమపదించిరి. అది యుద్ధకాలము. ఆ యేడు ఏప్రిలు 6 వ తేదిని జపానువారి విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. కోస్తా పట్టణముల జనులు మూటలు కట్టుకొని లోనాటి పల్లెలకు తరలిపోయిరి. ఆయన యౌవనమున ధాన్యపు బస్తాలు తప్ప మరేమియు దిగని తాడేపల్లిగూడెమున యుద్ధ విమానములు దిగుటకై సైన్యమువారు చదునుచేయించిన నేల, ఆయనను మరచిన ఈ ప్రాంతమున నేటికిని రైలుమార్గమునకు చేరువనే యున్నది.